నడుస్తూ నడుస్తూ ఆగిపోయే రోబో వాక్యూమ్: బ్యాటరీ కొనే ముందు ఈ వరసలో చూడండి

రోబో బాగానే బయల్దేరుతుంది, హాలు సగం ఊడుస్తుంది, ఉన్నట్టుండి ఆగిపోతుంది. బటన్ నొక్కితే మళ్లీ పది నిమిషాలు నడిచి మళ్లీ అంతే. బెజవాడ, గుంటూరు నుంచి నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. దాని వెనకే ఇంకో ప్రశ్న కూడా వస్తుంది: "బ్యాటరీ పోయినట్టేనా అండీ?"

నేనూ అలాగే అనుకున్నాను. రెండు వేల చిల్లర పెట్టి కొత్త బ్యాటరీ వేయించాక కూడా మా రోబో సరిగ్గా పావుగంటకే ఆగింది. అసలు దొంగ బ్రష్ చివర్న చుట్టుకున్న మల్లెపూల దండ దారం. అందుకే ఈ వరసలో బ్యాటరీ బాగా కిందకి పోయింది. ఖర్చు లేని పనులు ముందు, స్క్రూలు విప్పేవి తర్వాత, డబ్బు పెట్టేవి ఆఖర్న. మధ్యలో దూకకండి.

1. విప్పకముందు మూడు సార్లు గమనించండి

స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి ఒక కాగితం తీసుకోండి. మూడు సార్లు నడిపించి ప్రతిసారీ నాలుగు విషయాలు రాయండి: ఎన్ని నిమిషాలకు ఆగింది, ఏ చోట ఆగింది, అప్పుడు యాప్‌లో చార్జింగ్ ఎంత శాతం ఉంది, ఆగినప్పుడు లైటు వెలుగుతోందా ఆరిపోయిందా.

సగం జవాబు ఆ కాగితంలోనే దొరుకుతుంది.

- ఎప్పుడూ ఒకే చోట ఆగుతుంటే తప్పు నేలలో గానీ సెన్సార్లలో గానీ ఉంది. కింద 7, 8 భాగాలు చూడండి.
- చోటు మారుతోంది గానీ దాదాపు ఒకే సమయానికి ఆగుతుంటే బ్రష్ బిగుసుకోవడమో, ఫిల్టర్ మూసుకుపోవడమో, వేడెక్కడమో. 5, 6, 9.
- 50, 60 శాతం చూపిస్తూనే లైట్లన్నీ ఆరిపోయి, డాక్ (చార్జింగ్ పీఠం) మీద పెడితే గానీ లేవకపోతే బ్యాటరీ, లేదా దాని కనెక్టర్. అయినా 5, 6 చేశాకే 10కి వెళ్లండి.
- తెల్లారేసరికి డాక్ మీదే చచ్చి పడి ఉంటే ప్లగ్గు, స్విచ్చు, పిన్నులు. 3, 4.
- ఎర్రలైటు వెలిగి ఏదో మాట్లాడి ఆగితే అది ఆరిపోవడం కాదు, ఫిర్యాదు చేస్తోంది. ఆ మాట గానీ యాప్‌లో వచ్చిన నంబరు గానీ రాసుకుని మాన్యువల్‌లో చూడండి. దాన్ని కొట్టేసి మళ్లీ బటన్ నొక్కడమే మనవాళ్లు చేసే మొదటి తప్పు.

ఇంకో మాట. డాక్ బయట కదలకుండా వదిలేస్తే చాలా రోబోలు కొద్ది నిమిషాలకు నిద్రలోకి వెళ్తాయి. కొన్ని కొన్ని గంటల తర్వాత పూర్తిగా ఆరిపోతాయి కూడా. అది రోగం కాదు. అలాగే "డిస్టర్బ్ చేయొద్దు" అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, చార్జింగ్ కోసం మధ్యలో వచ్చిన రోబో రాత్రిపూట మిగిలిన పనికి మళ్లీ బయల్దేరదు. "సగం ఊడ్చి పడుకుంది" అని వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని ఇవే.

2. దగ్గర పెట్టుకోవలసినవి

- పాత టూత్‌బ్రష్, పొడి మెత్తటి గుడ్డ, దూది పుల్లలు
- చిన్న కత్తెర, లేదా కుట్లు విప్పే హుక్కు
- స్టార్ తల స్క్రూడ్రైవర్
- మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా
- తెల్ల కాగితాలు రెండు, సెల్లో టేపు
- ఉంటే వోల్టేజీ కొలిచే మల్టీమీటర్. లేకపోయినా తొమ్మిదో అంకె దాకా పని ఆగదు.

రోబోను పూర్తిగా ఆఫ్ చేసి, మడిచిన తువ్వాలు మీద బోర్లించండి. పైన గుండ్రటి లేజర్ టోపీ ఉన్న మోడల్ అయితే బరువు దాని మీద పడకూడదు. మాప్ ట్యాంకు ముందే తీసేయండి.

3. డాక్, ప్లగ్గు, స్విచ్‌లు కట్టేసే చేతులు

రాత్రి పడుకునే ముందు మా అత్తగారు ఇల్లంతా ఒక చుట్టు తిరిగి స్విచ్‌లన్నీ కట్టేస్తారు. "ఆ లైటు తెల్లవార్లూ ఊరికే వెలుగుతోందమ్మా" అని రోబో స్విచ్చు కూడా. పొద్దున రోబో చచ్చి ఉంటే మేం కంపెనీని తిట్టుకున్నాం. ఇప్పుడు ఆ స్విచ్చు మీద టేపు వేసి "కట్టొద్దు" అని రాసిపెట్టాం. మీ ఇంట్లో ఆ చేతులు ఎవరివో ముందు కనుక్కోండి.

తర్వాత ఇవి:

- రోబో పక్కనో అడుగునో విడిగా మెయిన్ స్విచ్ ఉందేమో చూడండి. అలాంటి కొన్ని మోడళ్లలో అది ఆఫ్‌లో ఉంటే డాక్ మీద ఎన్ని గంటలున్నా చార్జింగ్ ఎక్కదు.
- జంక్షన్ బాక్సులో వదులుగా ఊగే ప్లగ్గు తీసి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి ఒక రోజు చూడండి.
- డాక్ వెనక గోడ ఉండాలి. అటూ ఇటూ అర మీటరు, ముందు మీటరున్నర ఖాళీ వదలండి. నున్నటి టైల్స్ మీద రోబో వచ్చి తగిలినప్పుడల్లా డాక్ వెనక్కి జరుగుతుంది. రెండు వైపులా అంటుకునే టేపు వేయండి.
- ఎదురుగా బీరువా అద్దం గానీ కిటికీలోంచి నేరుగా పడే ఎండ గానీ ఉండకూడదు. డాక్ పంపే సంకేతం ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు. ఎండ దాన్ని మింగేస్తుంది, అద్దం దారి తప్పిస్తుంది.

కరెంటు కోత సంగతి విడిగా చెప్పాలి. రోబో ఊడుస్తుండగా కరెంటు పోతే రోబోకి ఏమీ కాదు, అది బ్యాటరీ మీద నడుస్తోంది. కానీ డాక్ సంకేతం ఆగిపోతుంది. చార్జింగ్ అయిపోవచ్చి ఇంటికి తిరిగొచ్చిన రోబో తలుపు కనపడక అక్కడక్కడే తిరిగి, ఉన్న కాస్త చార్జీ ఊడ్చుకుని హాలు మధ్యలో ఆరిపోతుంది. వేసవిలో వచ్చే "ఒక్కోసారి ఆగుతుంది, ఒక్కోసారి ఆగదు" అన్న ఫిర్యాదులకు ఇదొక పెద్ద కారణం. ఇన్వర్టర్ లైను మీద ఉన్న సాకెట్‌కి మార్చండి, మామూలు డాక్ తినేది చాలా తక్కువ. చెత్త తనే లాగేసుకునే పెద్ద డాక్ అయితే మాత్రం వద్దు. లాగే ఆ కొద్ది సెకన్లు వెయ్యి వాట్ల దాకా తీసుకోగలదు, చిన్న ఇన్వర్టర్ తట్టుకోదు.

4. చార్జింగ్ పిన్నులు

రోబో అడుగున రెండు లోహపు బిళ్లలు, డాక్ మీద వాటికి జోడు. ఇంట్లో తేమ, మాప్ నీళ్లు, దుమ్ము కలిసి వాటి మీద పల్చటి నల్ల పొర కడుతుంది. అప్పుడు చార్జింగ్ లైటు వెలుగుతుంది గానీ ఎక్కేది అంతంతమాత్రం. వానాకాలంలో ఇది ఇంకా తొందరగా వస్తుంది.

ముందు డాక్ ప్లగ్గు పీకేయండి. పొడి గుడ్డతో గట్టిగా తుడవండి. పోకపోతే దూది పుల్లకి ఆల్కహాల్ అద్ది రుద్దండి. అప్పటికీ పోకపోతే పిల్లల పెన్సిల్ రబ్బరు. గరుకు కాగితం వద్దు, పైపూత లేచిపోతే ఆ తర్వాత వారానికోసారి నలుపెక్కుతుంది. డాక్ మీది పిన్నులు వేలితో నొక్కి వదలండి, రెండూ సమంగా పైకి లేవాలి. ఒకటి లోపలే ఉండిపోతే దాని అంచున మట్టి చేరింది.

మల్టీమీటర్ ఉన్నవాళ్లు అడాప్టర్ మీద రాసిన వోల్టేజీని అడాప్టర్ తీగ చివర్న కొలవండి. డాక్ పిన్నుల దగ్గర కొలిచి "సున్నా వస్తోంది, డాక్ పోయింది" అనుకోకండి. రోబో కూర్చుంటే గానీ పిన్నులకు పూర్తి కరెంటు వదలని డాక్‌లు చాలా ఉన్నాయి.

5. వెంట్రుకలు, దారాలు

అసలు పని ఇక్కడ ఉంది. తీరిగ్గా చేయండి.

బ్రష్‌కి గానీ చక్రానికి గానీ ఏదైనా చుట్టుకుంటే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఒక హద్దు దాటితే లోపలి సర్క్యూట్ మోటారుని, కొన్నిసార్లు మొత్తం రోబోని ఆపేస్తుంది. చల్లబడ్డాక మళ్లీ నడుస్తుంది. బయటి నుంచి చూస్తే అచ్చం బ్యాటరీ పోయినట్టే.

వరస ఇది:

- పెద్ద బ్రష్ మీది మూతకి రెండు క్లిప్పులుంటాయి, నొక్కి లేపండి. బ్రష్ బయటికి తీయండి.
- చాలా మోడళ్లలో బ్రష్‌కి ఒక చివర నలుచదరంగా ఉంటుంది, అది మోటారు వైపు. రెండో చివర గుండ్రటి టోపీ. ఆ టోపీని లాగితే ఊడి వస్తుంది. చాలామంది బ్రష్ మధ్యలో వెంట్రుకలు కత్తిరించి తిరిగి పెట్టేస్తారు, టోపీ తీయరు.
- టోపీ కింద చుట్టుకున్న దాన్ని అడ్డంగా లాగకండి. కత్తెర మొన దూర్చి నిలువుగా కోయండి, ముక్కలుగా వచ్చేస్తుంది.

మా రోబో టోపీ కింద నాకు దొరికింది వేలి ఉంగరమంత గట్టి చుట్ట. పైన నల్ల వెంట్రుకలు, లోపల తెల్లదారం, మధ్యలో ఎండిపోయిన మల్లె తొడిమ ఒకటి. తిరిగి తిరిగి వేడెక్కి దారం ప్లాస్టిక్‌లోకి కాస్త దిగబడింది. గోటితో గీరితే రాలేదు, సూది పెట్టి లేపాల్సి వచ్చింది. పూలు పెట్టుకునే ఇంట్లో ఈ దారం తప్పదు. దండ తీసి మంచం పక్కన పడేయకుండా చెత్తబుట్టలో వేయమని చెప్పి చూశాను, ఇల్లాళ్లకు చెప్పడం తేలికే, నాకే గుర్తుండదు.

- బ్రష్ కూర్చునే రెండు గుంటల్లోనూ దూది పుల్లతో తుడవండి.
- పక్కన తిరిగే చిన్న బ్రష్‌కి ఒకే స్క్రూ ఉంటుంది, కొన్ని ఊరికే లాగితే వచ్చేస్తాయి. దాని ఇరుసు చుట్టూ చూడండి.
- ముందరి చిన్న చక్రాన్ని నిటారుగా పైకి లాగండి, ఊడుతుంది. చక్రంలోంచి ఇనుప పుల్ల కూడా బయటికి తీసి, అక్కడ చేరిన బూజు తీసేయండి.
- పెద్ద చక్రాలు రెండింటినీ చేత్తో తిప్పండి. రెండింటికీ ఒకే బిగువు ఉండాలి. ఒకటి గట్టిగా ఉంటే దాని పక్క సందులో ఏదో ఉంది.

టోపీ తిరిగి పెట్టాక రెండు వేళ్ల మధ్య తిప్పి చూడండి, ఊరికే జారిపోవాలి. కుట్టు మిషన్ నూనె, కొబ్బరినూనె చుక్క కూడా వేయొద్దు. నూనెకి దుమ్ము పట్టి నెలకల్లా జిగురవుతుంది.

అన్నీ పెట్టేశాక ఒకసారి నడిపించండి. పావుగంటకు ఆగేది అరగంట దాటితే మీ పని అయిపోయింది, మిగతాది చదవక్కర్లేదు.

6. ఫిల్టర్, ముగ్గుపిండి, శుక్రవారం నీళ్లు

గుమ్మంలో ముగ్గు వేశాక పాదాలతో లోపలికి వచ్చే పిండి మామూలు దుమ్ములాంటిది కాదు. రాతి ముగ్గు మరీ మెత్తన. ఫిల్టర్ మడతల్లో చేరి సిమెంటు పూసినట్టు మూసేస్తుంది. గాలి ఆడక లాగే మోటారు వేడెక్కి ఆగుతుంది. ధనుర్మాసం నెలంతా ఫిల్టర్ రెండు రోజులకోసారి దులపాలి. గుంటూరు వాళ్లకు ఇంకోటి ఉంది: కారం పట్టించిన రోజున, ఆవకాయ కలిపిన రోజున వంటింట్లోకి రోబోని వదలకండి. ఫిల్టర్ సంగతి అటుంచి, వెనక నుంచి వచ్చే గాలికి ఇంటిల్లిపాదీ తుమ్ముతారు.

ఫిల్టర్‌ని లైటుకి ఎదురుగా పెట్టి చూడండి. వెలుతురు అస్సలు కనపడకపోతే దులిపినా లాభం లేదు, మార్చేయండి. కడగొచ్చు అని మాన్యువల్‌లో ఉంటేనే కడగాలి, చన్నీళ్లతో, సబ్బు లేకుండా. తర్వాత కనీసం 24 గంటలు నీడన ఆరాలి. వర్షాకాలంలో అది కూడా చాలదు. తడి ఫిల్టర్ పెట్టి నడిపితే దుమ్ము ముద్దకట్టి వాసన వస్తుంది, మోటారూ పాడవుతుంది. రెండు ఫిల్టర్లు కొనుక్కుని మార్చి మార్చి వాడటమే సుఖం. "ఒక్క నిమిషమే కదా" అని ఫిల్టర్ లేకుండా నడపకండి, దుమ్మంతా నేరుగా ఫ్యానులోకి పోతుంది.

శుక్రవారం ఇల్లు కడిగే అలవాటు ఉంటే, ఆ రోజు షెడ్యూల్ తీసేయండి. గచ్చు మూలల్లో నిలిచిన నీళ్లు లోపలికి లాగితే రోబో అక్కడికక్కడే ఆరిపోవచ్చు. అలా జరిగితే ఆన్ చేసి చూడకండి, డాక్ మీదా పెట్టకండి. డబ్బా, ఫిల్టర్ తీసి, ఫ్యాను గాలికి రెండు రోజులు వదిలేయండి.

7. నల్లబండ దగ్గరే ఆగుతుందా?

రోబో అడుగున అంచు పొడవునా చిన్న నల్ల అద్దపు కళ్లు నాలుగో ఆరో ఉంటాయి. అవి నేలకి ఇన్‌ఫ్రారెడ్ పంపి, తిరిగొచ్చే వెలుతురు కోసం చూస్తాయి. తిరిగి రాకపోతే ఎదురుగా మెట్టో గొయ్యో ఉందని లెక్క. నల్లరంగు ఆ వెలుతుర్ని మింగేస్తుంది. మన ఇళ్లలో కడప బండలు, గుమ్మాల దగ్గర వేసే నల్ల గ్రానైట్ పట్టీ, ముదురు రంగు కాళ్ల పట్టాలు దానికి గొయ్యిలా కనపడేది అందుకే. నాలుగు వైపులా నల్లగా ఉంటే ఎటూ కదల్లేక ఆగిపోతుంది.

పరీక్ష సులువు. ఆగే చోట నల్ల పట్టీ మీద తెల్ల కాగితాలు టేపుతో అంటించి నడిపించండి.

- కాగితం మీదుగా దాటిపోతే తప్పు బండది. రోబో బాగానే ఉంది.
- తెల్ల కాగితం మీద కూడా ఆగితే, వెనక్కి వెనక్కి పోతుంటే కళ్లకి మసక పట్టింది. పొడి మెత్తటి గుడ్డతో ఒక్కో కంటినీ తుడిచి మళ్లీ చూడండి.

తప్పు బండదే అయితే యాప్‌లో ఆ పట్టీకి ఇవతల హద్దు గీత గీసి, అవతలి గదిని రోబోని చేత్తో తీసుకెళ్లి ఊడిపించండి. పట్టాలు లేత రంగువి వేయండి. కళ్ల మీద తెల్ల టేపు అంటించేస్తే సరిపోతుందని చాలామంది చెప్తారు. నడుస్తుంది, నిజమే. డూప్లెక్స్ ఇంట్లో మెట్ల మీద నుంచి పడిపోయేది కూడా అలాంటి రోబోనే. కింది అంతస్తులో, మెట్టూ దిగుడు గడపా ఏవీ లేని ఇంట్లో అయితే మీ ఇష్టం, నేను మాత్రం చేయమని చెప్పను.

8. బంపర్, చక్రాల స్విచ్‌లు

ముందరి బంపర్‌ని ఎడమ, మధ్య, కుడి మూడు చోట్లా నొక్కండి. ప్రతిచోటా టక్కున లోపలికి పోయి టక్కున రావాలి. ఒకవైపు లోపలే ఉంటే ఎప్పుడూ గోడ తగులుతోందనే అనుకుంటుంది. సందులో బియ్యపు గింజో సగ్గుబియ్యమో ఇరుక్కుని ఉంటుంది. బోర్లించి తట్టండి, టూత్‌బ్రష్‌తో గీయండి.

రోబోని ఎత్తితే పెద్ద చక్రాలు కిందికి దిగాలి, నొక్కితే లోపలికి పోవాలి. అవి దిగి ఉన్నంతసేపూ తనని ఎవరో ఎత్తారని అనుకుని కదలదు. రెండు సెంటీమీటర్లు దాటిన గడప ఎక్కబోయి మధ్యలో వేలాడే రోబోలు ఆగేది ఇందుకే.

9. ఎండాకాలం

చాలా రోబోలకు మాన్యువల్‌లో 40 డిగ్రీల దాకానే హద్దు ఉంటుంది. మే నెలలో బెజవాడలో బయట 40 దాటడం కొత్తేం కాదు. డాబా కింద గది, పడమటి కిటికీ ఉన్న హాలు మధ్యాహ్నం ఎంత ఉడుకుతాయో మీకు తెలుసు. వేడెక్కిన లిథియం బ్యాటరీ చార్జింగ్ తీసుకోవడం ఆపేస్తుంది, నడుస్తుంటే ఆరిపోతుంది.

మూడు రోజులు పొద్దున 6, 7 మధ్యే నడిపి చూడండి. పొద్దున బాగా నడిచి మధ్యాహ్నం ఆగుతుంటే ఇంకేం వెతకనక్కర్లేదు. షెడ్యూల్ మార్చి, డాక్‌ని ఫ్రిజ్ వెనక వేడిగాలికి దూరంగా పెట్టండి. లాగుడు కూడా ఒక మెట్టు తగ్గించండి, టైల్స్ నేలకు మామూలు స్థాయి చాలు.

10. ఇప్పుడు బ్యాటరీ

ఇక్కడిదాకా అన్నీ చేశారు, అయినా ఆగుతోంది. నిండా చార్జ్ చేసి, లాగుడు అన్నిటికంటే తక్కువ పెట్టి, పది నిమిషాలకోసారి శాతం రాయండి. 100, 88, 77 అని నెమ్మదిగా దిగి 20 దగ్గర డాక్‌కి తిరిగితే బ్యాటరీ మంచిదే. 62 చూపించి ఉన్నట్టుండి ఆరిపోతే లోపల ఒక సెల్ బలహీనపడింది. లిథియం ప్యాకుల్లో చాలావరకు నాలుగు సెల్‌లు వరసగా కలిపి ఉంటాయి. ఒకటి కుంగితే రక్షణ సర్క్యూట్ నాలుగింటినీ ఆపేస్తుంది. రోజూ వాడితే రెండు మూడేళ్లకు ఇది సహజం.

వారంటీ ఉంటే ఇక్కడే ఆగి 11కి వెళ్లండి. అయిపోయి ఉంటే అడుగున బ్యాటరీ మూత స్క్రూలు విప్పండి. కొన్నింటిలో రెండే, కొన్నింటిలో అడుగంతా విప్పాలి. ముందు కనెక్టర్ పీకి మళ్లీ గట్టిగా పెట్టి ఒకసారి నడపండి. వదులు కనెక్టర్ కూడా గడప కుదుపుకి రోబోని ఆర్పేస్తుంది, దానికి పైసా ఖర్చు లేదు.

మీద 14.4 లేక 14.8 వోల్టులు అని ఉన్న లిథియం ప్యాకు నిండుగా ఉంటే మల్టీమీటర్ 16.8 దగ్గర చూపించాలి. రాత్రంతా చార్జ్ చేసినా 15 దాటకపోతే దాని పని అయిపోయింది.

కొనేటప్పుడు:

- వోల్టేజీ, కనెక్టర్ ఆకారం, తీగల రంగుల వరస పాతదానిలాగే ఉండాలి. పాతది ఫొటో తీసుకుని వెళ్లండి.
- ఎంఏహెచ్ (ఎంత చార్జ్ పడుతుందో చెప్పే అంకె) ఎక్కువున్నా పర్లేదు, సైజు రోబోలోని బ్యాటరీ గూట్లో పట్టాలి.
- బ్యాటరీల భద్రతా ప్రమాణం ఐఎస్ 16046 ముద్ర, ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉందా చూడండి. ఆ నంబరుని ప్రభుత్వ ప్రమాణాల సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు.
- విడి సెల్‌లు కొని అతికించి ఇస్తామనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. పాత మూడు సెల్‌లకి కొత్తది ఒకటి జతచేస్తే మళ్లీ అదే కథ.

బ్యాటరీ ఉబ్బి ఉంటే చార్జ్ చేయకండి, గుచ్చకండి, నొక్కకండి. మంటపట్టే వస్తువులకి దూరంగా పెట్టండి. మున్సిపాలిటీ చెత్తబండిలో వేయకూడదు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది, కొన్నచోటే అడగండి.

11. రీసెట్, సర్వీస్

రీసెట్ ఇంత కింద ఉండటానికి కారణం, ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఇంటి మ్యాపు, హద్దు గీతలు, షెడ్యూల్ అన్నీ పోతాయి. దారం దారం దగ్గరే ఉంటుంది. యాప్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ ఉంటే వేసి, మామూలు రీస్టార్ట్ చేసి చూడండి. అప్పటికీ కాకపోతేనే రీసెట్.

సర్వీస్‌కి ఇచ్చే ముందు రోబో ఆగే క్షణాన్ని వీడియో తీయండి. అక్కడ టేబుల్ మీద పెట్టి రెండు నిమిషాలు నడిపి "బాగానే ఉంది కదమ్మా" అనేస్తారు. మొదట్లో రాసిన కాగితం, బిల్లు, సీరియల్ నంబరు ఫొటో వెంట ఉండాలి. బ్యాటరీకి యంత్రానికి ఉన్నంత వారంటీ ఉండకపోవచ్చు, బిల్లు వెనక చదవండి. వారంటీలో ఉన్నా తిప్పించుకుంటుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

డాక్, అడాప్టర్ కూడా పట్టుకెళ్లండి, అవి లేకుండా చార్జింగ్ తప్పు తేలదు. మాప్ ట్యాంకు ఖాళీ చేశారో లేదో ఒకసారి ఎత్తి ఊపి చూడండి. నేను చూడకుండా ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కాను. బెంజి సర్కిల్ దాటేలోపు చీర తడిసింది, సీటు తడిసింది, ఆటో అతని చేత మాటలు కూడా పడ్డాను.